చావని చేప చెప్పు సాక్ష్యము

చేపపిల్లకు ఈత నేర్పనక్కఱలేదని సామెత. ఈత యొక్కటియే కాదు, చేపకు పుట్టుకతో అబ్బిన విద్యలు పెక్కు కలవు. కొఱ్ఱమీను తన పిల్లల గుంపును వెన్నంటి కాచుచుండును. పులస సముద్రమును విడిచి వఱదకు ఎదురీది గోదావరిలో ప్రవేశించును. గుంపుగా తిరుగు కొన్ని చిన్నచేపలలో ఒకదాని చర్మము చిట్లినచో, ఆ గాయమునుండి నీటిలో కలిసిన పదార్థపు వాసనను పసిగట్టి తక్కినవన్నియు క్షణములో చెదరి దాగికొనును. ఈ చివరి సంగతిని 1938లో లోకమునకు తెలిపినవాడు కార్ల్ ఫాన్ ఫ్రిష్; తేనెటీగల సంకేతములను చదివి 1973లో నోబెల్ బహుమానమందినవాడు నాతడే. ఆకలి, భయము, జతగూడుట, సంతానరక్షణ మొదలైన బ్రతుకు పాఠములన్నియు చేప యొక్క చిన్న మెదడులో వ్రాయబడియున్నవి. ఆ వ్రాత చెదరినచో చేప వెంటనే చావదు. కాని చేపగా బ్రతుకజాలదు.

విషము చేపను చంపినచో ఆ సంగతి ఊరందఱికి తెలియును. చెఱువుమీద తెల్లని పొట్టలు తేలును, దుర్గంధము వ్యాపించును, పత్రికలలో వార్త వచ్చును, అధికారులు వచ్చి నీటిని సీసాలలో పట్టుకొనిపోవుదురు. అదే విషము చేపను చంపక, దాని మెదడును తాకి, నడవడిని మాత్రము మార్చినచో పొట్ట తేలదు, వార్త రాదు, విచారణ జరుగదు. ప్లాస్టిక్ నుండి వెలువడి నీటిలో కలియుచున్న రసాయనములలో పెక్కింటి రీతి ఈ రెండవదియే. చాపక్రింది నీరువలె పాకు ఈ హానిని కొలుచుటకు, చేప బ్రతికియున్నదా యను ప్రశ్న చాలదు. చేప ఎట్లు బ్రతుకుచున్నదని కూడ అడుగవలెను.

ఈ రెండవ ప్రశ్నను చట్టములు తగినంతగా అడుగుట లేదు. భారతదేశమున 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల క్రింద, కర్మాగారములు విడుచు వ్యర్థజలమునకు సామాన్య ప్రమాణములు ఏర్పఱుపబడినవి. అందు చేపల పరీక్ష యొకటి. మఱి యే నీటితోను పలుచన చేయని వ్యర్థజలములో చేపలను 96 గంటలు ఉంచవలెను. నూటికి 90 బ్రతికినచో ఆ నీరు ఆ పరీక్షలో నెగ్గినట్లే. ఆమ్లములు, క్షారములు, తీవ్రవిషములు కలిసిన నీటిని పట్టుకొనుటకు ఇది మంచి పరీక్షయే. దానిని తీసివేయుమనుట అవివేకము. కాని ఆ బ్రతికిన 90 చేపలు నాలుగు దినములు ఎట్లు ఈదినవి? వేసిన మేతను గుర్తించినవా? నీడ పడినపుడు బెదరినవా? గుంపును వీడి ఒంటరిగా తిరిగినవా? ఈ ప్రశ్నలకు ఆ పరీక్షలో తావు లేదు. నాలుగు దినములు బ్రతికిన చేప నాలుగు నెలలలో ఏమగునో, దాని గ్రుడ్లనుండి వచ్చు పిల్లల గతి యేమో, ఆ లెక్కలోనికి రాదు.

చేప నడవడిని పట్టించుకొనకపోవుటకు ఎంతటి మూల్యము చెల్లింపవలసివచ్చునో జపాను దేశపు మినమాటా చరిత్ర చెప్పుచున్నది. క్యూషూ ద్వీపమున గల ఆ రేవుపట్టణపు జాలరులు 1950లనాటి తొలి సంవత్సరములలో వింతలు చూచిరి. చేపలు సోలుచు నీటిపైకి తేలుచుండెను. వల లేకయే చేతికి చిక్కుచుండెను. ఆ చేపలను తిన్న పిల్లులు తూలి, గిరగిర తిరిగి, వెఱ్ఱెత్తినట్లు ఎగిరి చచ్చుచుండెను. తుదకు మనుష్యుల వంతు వచ్చినది. నడక తప్పి, మాట తడబడి, చేతులు వణకు రోగులు పెరిగిరి. 1956 మే 1వ తేదీన అచ్చటి కర్మాగారపు ఆసుపత్రి అధిపతియైన హోసొకావా హజిమె, ఈ తెలియని నాడీవ్యాధిని గూర్చి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు నివేదించెను. కర్మాగారము సముద్రములోనికి విడిచిన మిథైల్ పాదరసమే ఆ వ్యాధికి మూలమని పిమ్మట తేలినది. ఐనను ఆ విడుదల 1968 వఱకు ఆగలేదు.

మినమాటాను పాదరసపు కథగానే లోకము ఎఱుగును. దానిలో ప్లాస్టిక్ పాత్ర యున్నదని తెలిసినవారు కొలదిమంది. ఆ కర్మాగారము పాదరసము సహాయముతో ఎసిటాల్డిహైడ్ అను పదార్థమును తయారుచేయుచుండెను. 1952 నుండి దానితో ఆక్టనాల్ అను రసాయనమును, ఆక్టనాల్ తో గట్టి ప్లాస్టిక్ ను మెత్తపఱచు ద్రవ్యమును తయారుచేసి అమ్ముచుండెను. ఇండ్లలోనికి వచ్చిన మెత్తని ప్లాస్టిక్ గుడ్డల వెనుక, ఒక సముద్రపుశాఖ యొక్క నాడీమండలము ఛిన్నాభిన్నమైనది. మొదట చేప, పిమ్మట పిల్లి, ఆ పిమ్మట మనిషి: సాక్ష్యము ఈ వరుసలోనే వచ్చినది. తొలి సాక్షి మాటను ఎవ్వరును వినలేదు.

నేటి ప్లాస్టిక్ సమస్యలో పాదరసము ప్రధానము కాదు. విషముల సంఖ్య ఎక్కువ, మోతాదు తక్కువ. దీనిని అర్థము చేసికొనుటకు ప్లాస్టిక్ యొక్క స్వరూపము కొంత తెలియవలెను. ప్లాస్టిక్ లో రెండు భాగములు గలవు. ఒకటి చిన్న అణువులను గొలుసుగా కూర్చిన మూలపదార్థము. రెండవది, ఆ గొలుసులకు మెత్తదనము, రంగు, మన్నిక, నిప్పును తట్టుకొను శక్తి మొదలగునవి ఇచ్చుటకు కలుపు ద్రవ్యములు. మెత్తపఱచుటకు కలుపు థాలేట్ల వంటివి గొలుసులతో గట్టిగా ముడివడియుండవు. వాటి నడుమ ఇమిడియుండును, అంతే. కాగితములో చుట్టిన గారెల నూనె మెల్లగా కాగితమునకు ఎక్కినట్లు, ఈ ద్రవ్యములును ఎండకు, వేడికి, నూనెకు, నీటికి మెల్లమెల్లగా వెలువడును. గొలుసుగా చేరక మిగిలిపోయిన చిన్న అణువులును ఇట్లే బయటపడును.

1950లో ప్రపంచమున తయారైన ప్లాస్టిక్ సుమారు 20 లక్షల టన్నులు. నేడు ఏటేటా తయారగునది 40 కోట్ల టన్నులకు పైబడినది. 2015 వఱకు మానవుడు చేసిన ప్లాస్టిక్ మొత్తము సుమారు 830 కోట్ల టన్నులని 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వ్యర్థమైన దానిలో మరల కరిగించి వాడుకలోనికి తెచ్చినది నూటికి 9 వంతులు మాత్రమే. ప్లాస్టిక్ లకు సంబంధించిన రసాయనములు 16,000కు పైబడియున్నవనియు, వానిలో 4,200కు పైగా ఆరోగ్యమునకో పర్యావరణమునకో ప్రమాదకరములనియు 2024లో వెలువడిన ఒక శాస్త్రీయ నివేదిక తెల్పినది. 10,000కు పైగా రసాయనముల గుణదోషములను గూర్చి సమాచారమే లేదు. గుణము తెలియని మందును ఏ వైద్యుడును రోగికి ఈయడు. గుణము తెలియని రసాయనమును లోకమంతయు నదులకు ఇచ్చుచున్నది.

ఆ వేల రసాయనములలో ఒకదాని చరిత్రను చూచినచో తక్కిన వాని తీరు కొంత బోధపడును. దాని పేరు బిస్‌ఫినాల్-ఎ. 1891లో రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ డియానిన్ దానిని మొదట తయారుచేసెను. 1936లో లండనులో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్, కృత్రిమమైన స్త్రీ హార్మోనుల కొఱకు వెదకుచు, ఈ పదార్థమునకు ఈస్ట్రోజెన్ వంటి గుణము కలదని కనుగొనెను. అంతకంటె బలమైనది మఱియొకటి దొరకుటచే వైద్యమున దీనిని వాడలేదు. 1950లలో ఇదియే పదార్థము పాలికార్బనేట్ అను గట్టి పారదర్శక ప్లాస్టిక్ నకును, డబ్బాల లోపలి పూతకును ముడిసరకైనది. హార్మోనువలె పనిచేయునని ముందే తెలిసిన వస్తువు పాలసీసాలలోనికి వచ్చినది! అమెరికాలో 2003, 2004 సంవత్సరములలో 2,517 మంది మూత్రమును పరీక్షింపగా, నూటికి 93 మందిలో బిస్‌ఫినాల్-ఎ కనబడినది.

ఈ రసాయనము చేప మెదడును ఏమి చేయునో చూపిన ప్రయోగమునకు భారతదేశముతో ఒక చుట్టఱికము గలదు. ఆ ప్రయోగములో వాడిన జీబ్రా చేప ఈ దేశపు చేప. ఈస్టిండియా కంపెనీ కొలువులోని స్కాట్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ మత్స్యములపై 1822లో ప్రకటించిన గ్రంథములో దీనిని మొదట వర్ణించెను. వేలెడైనను లేని ఈ నీలిచారల చేప మడిచేలలోను, నిలువనీటి గుంటలలోను పెరుగును. దాని శాస్త్రీయ నామములోని ‘డేనియో’ శబ్దము, వరిచేను అను అర్థము గల బంగాళీ మాటనుండి వచ్చినది. అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో ప్రకటించిన పరిశోధనతో ఇది ప్రయోగశాలలకు ఎక్కినది. నేడు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి సంస్థలలోను దీనిపై పరిశోధన జరుగుచున్నది. దీని పిండము అద్దమువలె పారదర్శకము. మెదడు రూపొందుటను సూక్ష్మదర్శినితో బ్రతికియుండగనే చూడవచ్చును. మానవుని జన్యువులలో నూటికి 70కి దీనిలో సమానమైన జన్యువులున్నవని 2013లో తేలినది.

2015లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ చేప పిండములను మిక్కిలి కొలదిపాటి బిస్‌ఫినాల్-ఎ కలిసిన నీటిలో ఉంచిరి. ఆ మోతాదు లీటరునకు ఒకటిన్నర మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. అది ఊహించి వేసిన మోతాదు కాదు. అచ్చటి ఓల్డ్‌మాన్ నదిలో కనబడిన పరిమాణమును బట్టి ఎన్నుకొన్నది. ఫలితము ఆశ్చర్యకరము. ఆకలి, నిద్ర, సంతానోత్పత్తులను ఏలు హైపోథాలమస్ అను మెదడు భాగములో నాడీకణములు కాలము రాకమునుపే పుట్టుకొనివచ్చినవి. వాని పుట్టుక నూటికి 180 వంతులు పెరిగినది. పిండము నుండి వెలువడిన పిల్లలు తరువాత అలవి మీఱిన చురుకుదనముతో నిలుకడ లేక తిరుగాడినవి.

నాడీకణములు ఎక్కువైనచో తెలివి ఎక్కువ కావలెను గదా యని విద్యార్థి అడుగవచ్చును. ఇల్లు కట్టునపుడు ఇటుకలు ఎక్కువ వచ్చుట మేలే. పునాది తీయకముందే గోడలు లేచుట మేలు కాదు. మెదడు నిర్మాణమునకు వేళ ప్రధానము. ఏ కణము ఎప్పుడు పుట్టవలెనో, ఎచ్చటికి పోవలెనో, దేనితో జతపడవలెనో ఒక క్రమము గలదు. ఆ క్రమమును హార్మోనులు నడుపును. చేప మెదడులో అరోమటేస్ అను ఎంజైము పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చును. క్షీరదముల మెదడుకంటె చేప మెదడులో దాని చైతన్యము ఎన్నో రెట్లు అధికము. హార్మోను వేషము ధరించిన రసాయనము ఆ మార్గమున ప్రవేశించి వేళకాని వేళ గంట కొట్టినట్లు చేయుచున్నది. బడిగంట గంటముందు మ్రోగినచో బడి కూలదు. కాని ఆనాటి పాఠములన్నియు తాఱుమాఱగును.

ఆ ప్రయోగములోనే మఱియొక పాఠము కలదు. బిస్‌ఫినాల్-ఎ పై ప్రజలకు భయము కలుగగానే కొందఱు తయారీదారులు దానిని తీసివేసి బిస్‌ఫినాల్-ఎస్ అను దగ్గఱిచుట్టమును వాడి, సరకుపై ‘బిస్‌ఫినాల్-ఎ లేనిది’ అని అచ్చువేసిరి. ఆ అచ్చులో అబద్ధము లేదు, అభయమును లేదు. కాల్గరీ శాస్త్రజ్ఞులు ఆ ప్రతినిధిని కూడ అంతే కొలది మోతాదులో పరీక్షింపగా నాడీకణముల పుట్టుక నూటికి 240 వంతులు పెరిగినది. పెనముమీదినుండి పొయ్యిలో పడుటయన్న ఇదియే. ఒక్కొక్క రసాయనమును విడివిడిగా నిషేధించుచు, దాని సోదరుని రానిచ్చు విధానము ఎంత వ్యర్థమో తెలియుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

నడవడి మారుటవలన ఒక చేపకే గాక ఒక జాతికే ముప్పు రావచ్చును. అమెరికాలోని జార్జియా రాష్ట్రపు నదులలో రెండు దగ్గఱి జాతుల చిన్నచేపలు గలవు: ఒకటి ఆ నేలకు సొంతమైన నల్లతోక షైనర్, రెండవది వెలుపలినుండి వచ్చిన ఎఱ్ఱ షైనర్. రంగులను, ప్రణయచేష్టలను బట్టి ఏ జాతి చేప ఆ జాతినే వరించును. జాతులను వేఱుగా నిలుపు గోడ ఇదియే. జెస్సికా వార్డ్, మైకేల్ బ్లమ్ అను శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిన ప్రయోగములో ఈ చేపలను 14 దినములు బిస్‌ఫినాల్-ఎ కలిసిన నీటిలో ఉంచిరి. మగచేపల రంగులును, చేష్టలును మారినవి. తన జాతి యేదో పరజాతి యేదో ఎంచుకొను వివేకము సడలినది. ఒక్క చేపయైనను చావకయే, వరించుటలో జరిగిన పొరపాటుతో ఒక దేశీయజాతి పరజాతిలో కరగిపోవు అవకాశము ఇచ్చట గోచరించుచున్నది.

కరగిన రసాయనములే కాదు, ప్లాస్టిక్ నుసి కూడ మెదడు వఱకు పోగలదు. స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో దీనిని చూపిరి. కంటికి కనబడని పాలిస్టిరీన్ నానోకణములను మొదట నాచునకు అంటించిరి. ఆ నాచును డాఫ్నియా అను నీటిపురుగులకు మేపిరి. ఆ పురుగులను క్రూసియన్ కార్పు చేపలకు వేసిరి. ఆహారపు మెట్లమీదుగా నడచివచ్చిన కణములు తుదకు చేపల మెదడులో కనబడినవి. ఆ చేపలు మెల్లగా తిన్నవి, తమ చుట్టుప్రక్కలను తక్కువగా వెదకినవి. వాని మెదడులోని నీటిపాలు మారియున్నది. అదే సంవత్సరము శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వేఱొక ప్రయోగములో, సముద్రములో నాని నాచుపట్టిన ప్లాస్టిక్ వాసన తగులగానే నెత్తళ్ల జాతి చేపలు, మేత దొరకినపుడు ప్రవర్తించినట్లే గుంపుకట్టి ప్రవర్తించినవి. ప్లాస్టిక్ ఒకవైపు మెదడును చెఱచును. మఱియొకవైపు చెడని మెదడును సైతము వాసనతో మోసగించును.

ఇన్ని చెప్పినపిమ్మట ఒక హెచ్చరిక అవసరము. ఈ రంగమున ప్రచురింపబడిన ప్రతి మాటయు వేదవాక్యము కాదు. ప్లాస్టిక్ రేణువులవలన పెర్చ్ అను చేపపిల్లల నడవడి చెడి, అవి వేటచేపలకు సులభముగా చిక్కుచున్నవని 2016లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. లోకమంతయు దానిని చాటినది. కాని ప్రయోగము చెప్పినట్లు జరిగినదా యని తోటి శాస్త్రజ్ఞులే ప్రశ్నించిరి, మూలలెక్కలు చూపబడలేదు, 2017లో ఆ వ్యాసము ఉపసంహరింపబడినది, స్వీడను విచారణ మండలి అది శాస్త్రీయ దుష్ప్రవర్తనయని తేల్చినది. మఱికొన్ని ప్రయోగములలో వాడు మోతాదులు నదులలో ఉన్నవానికంటె మిక్కిలి ఎక్కువ. మంచి పక్షమునకు తప్పుడు సాక్ష్యము శత్రువుకంటె ఎక్కువ హాని చేయును. ఐతే ఒక్క సాక్షి బొంకినాడని వ్యాజ్యమంతయు కొట్టివేయు న్యాయాధిపతి ఉండడు. తప్పును పట్టుకొన్నవారును శాస్త్రజ్ఞులే యనునది మఱువరాదు.

చేపల నడవడిని ఓపికతో గమనించుటవలన ఎంత మేలు కలుగునో సియాటిల్ ప్రాంతపు సాల్మన్ కథ చూపును. గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునుండి వాగులలోనికి వచ్చు కోహో సాల్మన్ చేపలు, వానపడిన పిమ్మట నోరు తెఱచుచు, వలయములుగా తిరుగుచు, దిక్కుతోచక గంటలలో చనిపోవుట అచ్చటివారు దశాబ్దములపాటు చూచుచుండిరి. ఆ నడవడియే పరిశోధనకు దారిచూపినది. 2020లో వాషింగ్టన్ రాష్ట్రపు పరిశోధకులు దోషిని పట్టుకొనిరి. మోటారుబండ్ల టైర్లలో మన్నిక కొఱకు కలుపు ఒక రసాయనము గాలిలోని ఓజోనుతో కలిసి వేఱొక విషముగా మారుచున్నది. అఱిగిన రబ్బరు పొడితోపాటు వాననీటిలో వాగునకు చేరుచున్నది. టైరు ప్లాస్టిక్ కాకపోవచ్చును. ప్లాస్టిక్ వలెనే కర్మాగారపు గొలుసు అణువులకు మందులు కలిపి చేసినదే. ఇంకను ఒక విశేషము: అదే నీటిలో చమ్ సాల్మన్ అను సోదరజాతి చెక్కుచెదరక బ్రతికినది. పరీక్షకు చమ్ చేపను తెచ్చియున్నచో ఆ నీరు నెగ్గియుండెడిది. ఒక జాతిని, ఒక గడువును, ఒక మరణసంఖ్యను నమ్ముకొన్న పరీక్ష ఎంత గ్రుడ్డిదో దీనివలన స్పష్టము.

దీనికి వచ్చు ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్లాస్టిక్ లేనిదే నేడు రక్తమును నిలువజేయు సంచులు లేవు. రైతు పొలమునకు నీరు పారించు గొట్టములు లేవు. జాలరి నైలాను వల లేదు. చేప తొందరపడి ఈదినంత మాత్రమున ఇన్ని సౌకర్యములను వదలుకొందుమా యని కొందఱు అడుగుదురు. వదలుకొనుమని ఎవ్వరును అనుట లేదు. రక్తపు సంచిని, ఒక్కసారి వాడి పాఱవేయు పలుచని సంచిని ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదు. ఒకటి ప్రాణము నిలుపును. రెండవది పది నిమిషముల సుఖమునకు తరతరముల చెత్త. ఇక చేపను గూర్చిన చింత చేపవద్దనే ఆగదు. నాడీకణము నాడీకణమే, హార్మోను భాష చేపకును మనిషికిని చాలవఱకు ఒక్కటియే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్‌ఫినాల్-ఎ ను మనిషి దినమునకు ఎంత సహింపగలడో మరల లెక్కించి, పూర్వపు హద్దును 20,000 రెట్లు తగ్గించినది. 2024 డిసెంబరులో ఐరోపా సమాఖ్య, ఆహారమును తాకు వస్తువులలో దానిని నిషేధించుటయే గాక, దాని ప్రమాదకర బంధువులను కూడ ఆ కట్టడిలో చేర్చినది. భారతదేశములో పాలసీసాలకు సంబంధించిన ప్రమాణములు 2015లో దీనిని తొలగించినవి. శిశువునకు తగనిదని తేలిన వస్తువు, చెఱువులోని పిండమునకు తగునని ఎట్లు చెప్పవచ్చును?

కర్తవ్యము స్పష్టముగనే యున్నది. వ్యర్థజల పరీక్షలలో మరణసంఖ్యతోపాటు నడవడి పరీక్షలను చేర్చవలెను. ఇది గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరములు, ఈ శతాబ్దపు తొలి దశకముననే బ్లూగిల్ అను చేపల శ్వాసను, కదలికను యంత్రములచే అనుక్షణము గమనించి త్రాగునీటికి కాపు పెట్టినవి. రసాయనములను ఒక్కొక్కటిగా గాక కుటుంబములుగా విచారింపవలెను. హానికరమని ఇతరులు నిరూపించువఱకు అమ్ముకొను హక్కు గాక, హాని లేదని తయారుచేయువాడే ముందుగా నిరూపింపవలసిన బాధ్యత ఉండవలెను. ప్లాస్టిక్ పై లోకమంతటికి ఒక ఒడంబడిక కావలెనని 2022 మార్చిలో నైరోబీలో దేశములు తీర్మానించినవి. ఉత్పత్తికి హద్దు పెట్టుట, ప్రమాద రసాయనములను కట్టడి చేయుట అను అంశములవద్దనే పంతములు పెరిగి, 2025 ఆగస్టులో జెనీవా సమావేశము ఒప్పందము కుదరకయే ముగిసినది. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్న పెద్దల మాట దేశాధినేతలకు రుచించినట్లు లేదు.

చేపల ఉత్పత్తిలో దేశమునకే మొదటి స్థానమున నున్న ఆంధ్రప్రదేశమునకు ఇది దూరపు విషయము కాదు. శీలావతి, బొచ్చె పెంచు రైతు నీటిలో ప్రాణవాయువు తగ్గినదా లేదా యని చేపల కదలికను బట్టియే వేకువన పసిగట్టును. చేప నడవడి నీటి ఆరోగ్యమునకు సూచిక యని అతనికి ఏ గ్రంథమును చెప్పలేదు, అనుభవము చెప్పినది. ప్రయోగశాల ఆ అనుభవమునకు సంఖ్యలను సమకూర్చినది. చట్టము ఈ యిద్దఱి మాటను వినవలసియున్నది.

పాఠశాలలకు ఇందులో కొంత పాలు గలదు. మత్స్యమునకు మొప్పలు ఎన్ని, రెక్కలు ఎన్ని యని వల్లింపజేయుటతో జీవశాస్త్రము ముగియరాదు. ఊరిచెఱువు గట్టున అరగంట కదలక కూర్చుండి, చేపలు ఏ వేళ పైకి వచ్చినవి, ఎట్లు గుంపుకట్టినవి, నీడకు ఎట్లు బెదరినవి యని తేదీవారీగా వ్రాసికొను అలవాటును ఉపాధ్యాయుడు నేర్పవచ్చును. ఆ పుస్తకమునకు పెట్టుబడి యొక పెన్సిలు. చూచినది చూచినట్లు వ్రాయుట, చూడనిది వ్రాయకుండుట అను శాస్త్రధర్మము అచ్చటనే అలవడును. ఇట్టి పుస్తకములు పదేండ్లు నిలిచినచో, ఏదో ఒకనాడు నీరు మారినపుడు, మునుపు చేపలు ఇట్లుండెడివి కావని చెప్పుటకు ఊరికి ఒక ఆధారము మిగులును.

చచ్చిన చేప చెప్పు సాక్ష్యము ఆలస్యపు సాక్ష్యము. అది వినునాటికి నేరము ముగిసియుండును. చావక, దారి తప్పి తిరుగు చేప చెప్పునది సకాలములోని సాక్ష్యము. దానికి నోరు లేదు గనుక, దాని నడకను చదువగలవారు ఉండవలెను. వారు చదివినదానిని చట్టములో వ్రాయగలవారును ఉండవలెను.